తూనీగల బొంత

ఫిబ్రవరి 26

వాడి కొట్టు ఉన్న వీధిలోకి నేను వెళ్ళను. వెళ్ళనని ఒట్టు పెట్టుకుని చాలా కాలమైంది. ఇవాళ రోడ్డు తవ్వి బస్సును అటు మళ్ళించారు కాబట్టి చూడాల్సి వచ్చింది.

కొట్టు అద్దాల వెనక నా తూనీగలు వేలాడుతున్నాయి.

కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలేబులు. నీలం రెక్కలు, బూడిద రంగు రెల్లు, ప్రతి తూనీగ తోకా కాస్త పైకి లేచి. ఆ తోక అలా లేవడానికి ఎన్నిసార్లు గీశానో, ఎన్నిసార్లు చెరిపానో నాకే తెలుసు. మా అద్దకం యూనిట్లో ఇంకా మొదటి బేలు కూడా కట్టలేదు. నా డిజైను బీరువాలో, వాడి సరుకు బజార్లో! బస్సులోనే పైకి "దొంగ వెధవ" అనేశాను. పక్కన కూర్చున్న పెద్దాయన తన సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు.

వాడంటే మా తమ్ముడు. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా మనసొప్పడం లేదు. స్క్రీను మీద రంగు లాగడం నేర్పింది నేను. గీత చెదరకుండా గుడ్డ మీద అచ్చు దించడం నేర్పింది నేను. నేర్చుకున్నాడు, వేరు పడ్డాడు, సొంతంగా టేబుళ్ళు వేసుకున్నాడు. సరే, ఎవరి బతుకు వాళ్ళది. కానీ ఇదేం బతుకు?

ఈయనతో చెప్పాను. బిల్లుల్లోంచి తల ఎత్తకుండానే, "సరిగ్గా చూశావా? తూనీగలు ఎవరైనా గీస్తారు కదా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లికి బిడ్డని చూపించి ‘సరిగ్గా చూశావా’ అని అడుగుతారా ఎవరైనా? ఇంట్లో మనిషే ఇలా మాట్లాడితే ఇక బయటివాళ్ళు నమ్ముతారా.

ఫిబ్రవరి 28

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. చూడ్డానికి చిన్నపిల్ల, మాట మాత్రం చాకు. డిజైను నా పేర రిజిస్టర్ చేయించింది ఈమే.

"దరఖాస్తు జనవరి ఆఖర్లో వేశాం మేడమ్. సర్టిఫికెట్ మీ చేతిలో ఉంది. ఆయన అమ్మకం ఆపించొచ్చు. ఉన్న సరుకంతా నాశనం చేయించొచ్చు" అంది.

నాశనం అన్న మాట చెవికి ఎంత హాయిగా ఉందో.

"ఒక్కటి మాత్రం అడుగుతారు. డిజైను ఆయన చేతికి ఎలా చేరింది?"

అదే నాకూ కావాలి. హోటళ్ళ వాళ్ళ ఆర్డరు ఈ తూనీగల మీదే వచ్చింది. వాళ్ళ గదుల్లో తప్ప ఇంకెక్కడా ఈ డిజైను కనబడకూడదు, రిజిస్ట్రేషన్ గట్టిగా ఉండాలి, ఇదే వాళ్ళ షరతు. ఆర్డరు పోతే యూనిట్ మూతే. నాన్న వేసిన ప్రింటింగ్ టేబుళ్ళు పాత ఇనుము కింద తూకానికి వేసుకోవాలి. వాడికి ఇవన్నీ తెలుసు. తెలిసే చేశాడు.

మార్చి 3

కూర్చుని ఆలోచించాను. నేను గీసిన కాగితం నా బీరువా దాటలేదు. దాన్ని చూసి స్క్రీన్లు కట్టింది ఒక్కరే, స్క్రీన్ మేస్త్రి. నాన్న కాలం నాటి మనిషి. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. వాడికి పాప పుడితే ఆదివారం పూట పళ్ళు పట్టుకుని వెళ్ళొచ్చాడట, ఆయనే చెప్పాడు, సిగ్గు లేకుండా.

ఇంకేం కావాలి?

ఇవాళ్టి నుంచి స్క్రీన్ గదికి తాళం. తాళంచెవి నా మెడలో. అచ్చు సరిచూసుకునే ట్రయల్ ముక్కలన్నీ పని అయిన వెంటనే నల్లరంగు డ్రమ్ములో ముంచాలి. పనివాళ్ళ సంచులు గేటు దగ్గర విప్పి చూపించాలి, ఫోన్లు బయటే పెట్టాలి.

ఈయన నవ్వారు. "రేపు నా క్యారేజీ కూడా వెతికిస్తావా ఏం?"

మార్చి 4

వెతికించాను.

మార్చి 5

వాడి ఫోను. ఎత్తలేదు. జనవరిలో కూడా చేశాడు, అప్పుడూ ఎత్తలేదు. మాట్లాడటానికేముంది.

మార్చి 6

మళ్ళీ ఫోను. ఇక ఆ నంబరు నుంచి రాకుండా ఆపేశాను. పీడా పోయింది.

మార్చి 8

మేస్త్రిని అందరి ముందే అడిగాను. చాటుగా అడిగితే చాటుగానే తప్పించుకుంటారు.

"తూనీగల స్క్రీన్లు వాడికి ఎప్పుడు ఇచ్చారు?"

ఆయన చేతిలో ఉన్న తడిగుడ్డ టేబులు మీద పెట్టాడు. "ఎవరికమ్మా?"

"ఎవరికో మీకు తెలీదా? నా నోట్లో మట్టి కొట్టారు మీరిద్దరూ కలిసి."

"చినబాబుని చూడ్డానికి వెళ్ళాను, నిజమే. పాపని ఎత్తుకున్నాను. స్క్రీన్లు ఎత్తుకుపోలేదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకు తల తిరిగిపోయింది. ‘నువ్వు’ అన్నాను, దొంగ అన్నాను, నాన్న పెట్టిన తిండి తిని నాన్న కూతురికే ద్రోహం చేశావన్నాను. పోలీసులకి రాసిస్తానన్నాను. ఆయన చేతులు కడుక్కున్నాడు, గోళ్ళ సందుల్లో రంగు పోయేదాకా తీరిగ్గా కడుక్కున్నాడు, చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర సంచి తనే విప్పి చూపించాడు. అందులో కళ్ళజోడు పెట్టె తప్ప ఏమీ లేదట.

తెలివైనవాడు. ఉంచుకుంటాడా ఇంకా?

మార్చి 9

స్క్రీన్ గది ప్రశాంతంగా ఉంది. మంచిదే.

మార్చి 21

వాడు గేటు దగ్గరికి వచ్చాడు. తెరవద్దన్నాను. ఊచల అవతల నిలబడి మాట్లాడాడు. పాప పుట్టాక నిద్ర లేదు కాబోలు, ముఖం పీక్కుపోయింది. నాకేం జాలి కలగలేదు.

"అక్కా, కేసు వేశావట."

"వేశాను. వెయ్యకూడదా? బొట్టు పెట్టి పిలవాలా?"

"అది కాదు, నేను చెప్పేది ఒక్క నిమిషం విను. నేను నీ స్క్రీన్లు చూడలేదు. మేస్త్రి నాకేం ఇవ్వలేదు. ఆయన్ని అనవసరంగా పంపేశావు."

"ఓహో, ఆయన తరఫున వకాల్తా కూడా తీసుకున్నావా?"

"ఒకసారి అమ్మని అడుగు."

"అమ్మని మధ్యలోకి లాగావంటే మర్యాదగా ఉండదు! చేతనైతే నువ్వు జవాబు చెప్పు, ముసలావిడ కొంగు వెనక దాక్కోకు."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వు మారవే" అని వెళ్ళిపోయాడు. నేనెందుకు మారాలి? దొంగతనం చేసినవాడు మారాలి.

లోపలికి వస్తే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. అమ్మ కొన్ని నెలలు నా దగ్గర, కొన్ని నెలలు వాడి దగ్గర ఉంటుంది. ఇద్దరి పోరూ చూడలేక చెవుడు నటిస్తోందని ఈయన అంటారు.

"తమ్ముడి గొంతులా ఉంది?" అంది.

"కాదు. పాతసామాన్ల వాడు" అన్నాను.

ఏప్రిల్ 14

వాడి జవాబు వచ్చింది. లాయరమ్మ నన్ను కూర్చోబెట్టి చదివింది. నేను నిలబడి విన్నాను.

జనవరి మొదటి వారం నుంచీ వాడి కొట్టులో, కౌంటరు వెనక పాప పడుకునే తొట్టిలో, ఒక బొంత ఉందట. దానినిండా తూనీగలట. వచ్చిన ప్రతివాళ్ళూ పాపని చూసి, బొంతని చూసి, ఈ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగారట. ఆ బొంత కుట్టింది మా అమ్మ. ముక్కలు వచ్చింది నా యూనిట్ చెత్త సంచిలోంచి. చెత్తలో పడేశారంటే అక్క ఆ డిజైను వదిలేసిందనుకున్నాను, అడుగుదామని ఫోను చేస్తే ఎత్తలేదు, అని రాశాడు.

"ఇది నిజమైతే కష్టం మేడమ్" అంది లాయరమ్మ. "దరఖాస్తు కంటే ముందే నలుగురూ చూసిన డిజైను కొత్తది కాదు. కొత్తది కాకపోతే మీ సర్టిఫికెట్ చెల్లదు."

"బొంతా? పసిపిల్ల ఉచ్చ పోసే బొంత చూపించి నా హక్కు కొట్టేస్తారా?"

"ఉచ్చ సంగతి చట్టంలో లేదు మేడమ్."

ఇంటికి వస్తూ దారంతా తిట్టుకున్నాను. ఎవరినో ఇప్పుడు గుర్తు లేదు. వచ్చీరాగానే అమ్మని నిలదీశాను.

"అవునే, నేనే కుట్టాను. మనవరాలు పుడితే ఉత్త చేతులతో వెళ్తానా?"

"ఆ ముక్కలు నీకెవరిచ్చారు?"

"ఎవరిచ్చారేమిటి, నువ్వే! సంచి తెచ్చి నా మంచం పక్కన పడేశావు. ‘ఊరికే కూర్చుని నా బుర్ర తినకుండా ఏదో ఒకటి కుట్టుకో’ అన్నావు."

నేను అలా అనలేదు. అన్నా, పనికిరాని ముక్కలు కుట్టుకోమన్నాను. అందులో ఏమున్నాయో నేను చూశానా? మా పనిలో ట్రయల్ ముక్క అంటే టేబులు తుడిచే గుడ్డ. నాన్న కాలం నుంచీ మా ఇంట్లో మసిగుడ్డలు, దిండ్లు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు అన్నీ అవే. ఏ డిజైను చూసి ఏ పట్టా కుట్టామో ఎవరు పట్టించుకున్నారు? సగం రంగు పడనివీ, గీత కలవనివీ. వాటిని కూడా డిజైను అంటారా?

"తోకలన్నీ భలే కుదిరాయే, అందుకే ఏరి పెట్టుకున్నాను" అంది అమ్మ. ఎంత సంతోషంగా చెప్పిందంటే, లేచి బయటికి వచ్చేశాను.

ఏప్రిల్ 15

నేను అలా అనలేదు.

ఏప్రిల్ 19

మేస్త్రిని పిలవమని ఈయన రెండుసార్లు అన్నారు. ఆయన ఇవ్వలేదని తేలిపోయింది కదా, ఒక మాట చెబితే పోలా, అని. ఇవ్వలేదని ఒక్క బొంత చెప్పినంత మాత్రాన తేలిపోతుందా? పైగా నలుగురి ముందు అన్నాక నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. రేపటి నుంచి నా మాట ఎవరైనా లెక్కచేస్తారా అక్కడ? కేసు అయ్యాక చూద్దాం.

ఏప్రిల్ 27

లాయరమ్మ అంది: బొంత ఎప్పుడు ఇచ్చారన్నదే ఇప్పుడు ప్రశ్న. దరఖాస్తుకి ముందా, తర్వాతా? కొట్టుకి వచ్చినవాళ్ళు ఎవరో వాడికి తెలియదు, పేర్లు లేవు. వాడి పెళ్ళాం మాట వాడికి అనుకూలమే అనుకుంటారు. అమ్మ మాట మాత్రం నమ్ముతారు, ఆమె ఇద్దరికీ తల్లి కాబట్టి. వాడే ఆమెని సాక్షిగా పిలిచాడు.

"ఆమెకి ఏం గుర్తుందో ఆమే చెప్పాలి. నేను చెప్పకూడదు, మీరూ చెప్పకూడదు" అని లాయరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.

అమ్మకి తేదీలు గుర్తుండవు. వయసైంది. మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక రోజు ముందే తయారై కూర్చుంది. అలాంటి మనిషికి గుర్తుచేస్తే తప్పేముంది.

మే 2

అమ్మకి గుర్తుచేశాను. పాపకి రెండో నెల వచ్చాక, ఫిబ్రవరి సగంలో తీసుకెళ్ళి ఇచ్చింది.

"కాదే, చలిగా ఉండింది. చలి అనే కదా అంత దూది పెట్టి కుట్టాను."

"ఫిబ్రవరిలో చలి ఉండదా?"

"ఉంటుందిలే" అంది అమ్మ.

మే 3

గుర్తుచేశాను.

మే 5

గుర్తుచేశాను. ఫిబ్రవరి అంది గానీ నా వైపు చూడలేదు. వాడు కూడా అడుగుతాడా అంది. వాడు కాదు, వాడి లాయరు అడుగుతాడన్నాను. వాడు ఎదురుగా ఉంటాడా అంది. ఉంటే నీకేం, గోడ వైపు చూసి చెప్పు అన్నాను.

"యూనిట్ మూసేస్తే నాన్న పేరు ఉంటుందా? నీకు ఆ మాత్రం పట్టదా?" అన్నాను. అది న్యాయమైన మాటే. నాన్న పేరు వాడికేనా, నాకు లేదా.

మే 6

అమ్మ సూదీ దారం పెట్టెలో పెట్టేసింది. కళ్ళు లాగుతున్నాయట.

జూన్ 11

గెలిచాను.

ముందు అది రాసుకోవాలి. గెలిచాను. ఇప్పుడు మిగతాది.

విచారణ గది చిన్నది. పెద్ద టేబులు వెనక అధికారి, మూల ఆగి ఆగి తిరిగే ఫ్యాను, గోడ వారగా మా కుర్చీలు. బొంతని టేబులు మీద పరిచారు. అంచు ఒకచోట చిన్న పళ్ళతో కొరికినట్టు నలిగి ఉంది. దాన్ని అందరూ చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

వాడి లాయరు లావుపాటి మనిషి. అమ్మతో ఎంతో మర్యాదగా, "ఈ బొంత మీ అబ్బాయి ఇంటికి ఎప్పుడు ఇచ్చారు తల్లీ?" అన్నాడు.

"ఫిబ్రవరి సగంలో."

వాడు తల ఎత్తాడు.

"బాగా గుర్తుందా? జనవరి కాదు కదా?"

"బాగా గుర్తుంది. ఫిబ్రవరి." నేను చెప్పినట్టే గోడ వైపు చూసి చెప్పింది.

లాయరు చిన్నగా నవ్వాడు. మా మరదలు వెనక వరసలోంచి ఫోను అందించింది, అతను అందుకుని లేచాడు. "అయ్యా, ఈ ఉదయమే దొరికిన ఫొటో ఒకటి ఉంది. ఈ పెద్దావిడ ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పినదానికి..."

వాడు లేచి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దండీ."

"ఏమిటి వద్దు? ఇదొక్కటి చాలండీ మనకి!"

"వద్దన్నాను కదా. కూర్చోండి." తర్వాత అధికారి వైపు తిరిగాడు. "మా అమ్మ చెప్పిందే నిజమండీ. నేనే పొరబడ్డాను."

అధికారి మళ్ళీ అడిగారు, అర్థమయ్యే మాట్లాడుతున్నారా, దీంతో కేసు పోతుంది అని. అర్థమైందన్నాడు. మరదలు వెనక నుంచి, "మీకు మతి పోయిందా!" అంది. వాడు వినిపించుకోలేదు. ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

ఫోనులో ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

మెట్లు దిగుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు, రెయిలింగు పట్టుకుని దిగింది. కింద వాడి వ్యాను వెనక తలుపు తీసి ఉంటే వెళ్ళి అందులో కూర్చుంది. "కొన్నాళ్ళు వాడి దగ్గర ఉంటానే" అంది. ఎలాగూ వంతు వాడిదే కదా అనుకున్నాను.

జూన్ 12

ఏముంటుంది ఫొటోలో? పాప ఉంటుంది. బొంత ఉంటుంది. తేదీ ఉంటుంది.

వాడు నన్ను గెలిపించాడని మా మరదలు ఊరంతా చెబుతోందట. గెలిపించడమేమిటి! అమ్మని అబద్ధాలకోరని అందరి ముందూ చూపించే ధైర్యం లేక చేతులెత్తేశాడు. నాకేం దానం చెయ్యలేదు. కానీ ఆ ఒక్క మాటతో నన్ను ఎంత చిన్నదాన్ని చేశాడో వాడికి తెలుసు. తెలిసే చేశాడు. చిన్నప్పటి నుంచీ అంతే, దెబ్బ తిన్నవాడిలా నిలబడి కొట్టినవాళ్ళనే దోషుల్ని చేస్తాడు. కడుపు మండిపోతోంది. గెలిచినవాళ్ళకి ఇలా ఉంటుందా?

జూన్ 25

హోటళ్ళ వాళ్ళు సంతకాలు చేశారు. పని మొదలైంది. కొత్త స్క్రీన్ల వాడు చేతకాని మనిషి, రెక్క మీద రెక్క పడుతోంది, తూనీగలు చీమల్లా ఉన్నాయి. ఈయన్ని మేస్త్రి ఇంటికి పంపాను. జీతం పెంచుతానని చెప్పమన్నాను.

ఈయన కాసేపటికే తిరిగి వచ్చారు.

"ఏమన్నాడు?"

"కాఫీ ఇచ్చాడు."

"ఏమన్నాడండీ?"

"తాళాలు బాగా పనిచేస్తున్నాయి కదా, ఇంకా నేనెందుకు అన్నాడు." చెప్పులు విప్పుతూ, "నువ్వు వస్తావేమోనని చూశాడు" అన్నారు.

నేను ఎలా వెళ్తాను? యజమానురాలు పనివాడి గుమ్మంలో నిలబడాలా? రాకపోతే పోనీ. లోకంలో స్క్రీన్లు కట్టేవాళ్ళు కరువయ్యారా.

జూలై 2

అమ్మ ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. చేస్తే మరదలే ఎత్తుతుంది.

జూలై 8

అమ్మ మంచం పక్కన సంచి అలాగే ఉంది. పనమ్మాయిని తీసెయ్యమన్నాను. తర్వాత వద్దన్నాను.

జూలై 17

ఉత్తర్వు ప్రకారం వాడి సరుకు ఇవాళ నా ఎదురుగా నాశనం చెయ్యాలి. ఊళ్ళో కాల్చనివ్వరు కాబట్టి కత్తిరించాలి. ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. వాడు చూడాలని.

కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపల నేల మీద అందరూ కూర్చుని కత్తిరిస్తున్నారు. వాడు, మరదలు, ఇద్దరు పనివాళ్ళు, అమ్మ. కత్తెరలు టకటకలాడుతున్నాయి. పక్కన గుట్టగా నా తూనీగలు, తల ఒక చోట, తోక ఒక చోట. ఈ రోజు కోసమే ఎదురుచూశాను నేను. చూస్తూ నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు.

పాప ఆ గుట్ట పక్కనే బొంత మీద పాకుతోంది. గుమాస్తా దాన్ని చూసి కాగితం తిరగేశాడు. "ఈ డిజైను ఉన్న ప్రతి గుడ్డా అని రాసి ఉంది. మరి ఇది?" అని నన్ను అడిగాడు.

మరదలు పాపని విసురుగా ఎత్తుకుంది. వాడు కత్తెర ఆపాడు గానీ తల ఎత్తలేదు. అమ్మ చెయ్యి చాచి బొంతని తన ఒళ్ళోకి లాక్కుంది, అంచు కుట్టు దగ్గర కత్తెర పెట్టింది.

"అమ్మా, అది వద్దు" అన్నాను. "అది వదిలెయ్. నాకు అభ్యంతరం లేదని రాసిస్తాను."

"రాస్తే సరిపోతుందా? ఉత్తర్వంటే ఉత్తర్వే కదే." కర్రుమని కత్తిరించింది. దూది బయటికి వచ్చింది.

నేను వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "చాల్లే అమ్మా. లే. ఇంటికి పోదాం."

అమ్మ నా వైపు చూసింది. విచారణ గదిలో గోడ వైపు చూసింది గానీ నన్ను ఇన్నాళ్ళూ చూడలేదు. కోపం లేదు ముఖంలో. కోపం ఉంటే నేను పడగలను, నాకు అలవాటే. నెమ్మదిగా నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది.

"నేను రానే. నీ దగ్గరుంటే భయంగా ఉంటోంది. ఈసారి ఏం చెప్పమంటావో అని."

మరదలు తల తిప్పుకుంది. వాడు "అమ్మా" అన్నాడు, మందలిస్తున్నట్టు. నా పక్షాన మాట్లాడబోయాడు, వాడు! ఆ మాట కూడా నేను వినాల్సి వచ్చింది.

గుమాస్తా తొందరపడుతున్నాడు. సరుకు మొత్తం తన సమక్షంలో నాశనమైందని దరఖాస్తుదారు ఒప్పుకోవాలట. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. పెట్టి వచ్చేశాను.